రెండు టెలిఫోన్ల పెద్దమనిషి

రెండు దేశాలను రెండేళ్లపాటు తగలబెట్టినవాడు ఎంత భయంకరమైన మనిషై ఉంటాడో అని జనం రకరకాలుగా ఊహించుకున్నారు. పత్రికలవాళ్లు వచ్చి నన్నూ అదే అడిగారు. ఆయన దగ్గర నేను పధ్నాలుగేళ్లు పనిచేశాను. డాక్టర్ సర్వోత్తమరావు మజ్జిగలో అల్లం ఎక్కువైతే వంటమనిషి మీద అలిగి గదిలోంచి బయటికి రాని మనిషి. తన పేరు ముందు 'డాక్టర్' అని రాయని ఉత్తరాన్ని విప్పకుండా వెనక్కి పంపే మనిషి. అంతకంటే పెద్దగా ఆయనలో నాకేమీ కనబడలేదు. కనబడుతుందేమోనని వెతికాను కూడా.

నా పేరు హైమవతి. జంటకొండ మీది భూశ్రవణ కేంద్రంలో పరికరాల విభాగం నా చేతిలో ఉండేది. ఆ కొండకు ఉత్తరాన మెట్టదేశం, దక్షిణాన పల్లదేశం. రెంటికీ నడుమ చింతేరు. ముప్పై ఏళ్ల కిందట భూకంపం వచ్చి ఏటికి రెండు వైపులా ఊళ్లు కూలిపోతే, రెండు ప్రభుత్వాలూ కలిసి ఎవరికీ చెందని ఆ కొండ మీద కేంద్రం కట్టించాయి. నేల కదిలితే ఇద్దరికీ ఒకేసారి చెప్పాలి. అందుకోసమే డైరెక్టరు సర్వోత్తమరావు గారి బల్ల మీద రెండు టెలిఫోన్లు ఉండేవి. తెల్లది మెట్టదేశానికి, నల్లది పల్లదేశానికి.

నేను తయారుచేసిన యంత్రం పేరు నేలచెవి. ఏటి రెండు గట్ల వెంబడీ అరవై మైళ్ల పొడవున, పన్నెండు అడుగుల లోతులో గాజుతీగ పాతించాం. పైన ఏది నడిచినా ఆ తీగ వణుకుతుంది. ఆ వణుకును కొండ మీది యంత్రం చదువుతుంది. భూకంపాలను ముందుగా పసిగట్టడానికి చేసిన పరికరం అది. కాని పరీక్షల రోజుల్లో ఒక మధ్యాహ్నం యంత్రం ఏటి ఒడ్డున నీళ్లకు దిగుతున్న గేదెలను నూటపద్దెనిమిది అని లెక్కపెట్టి చూపించింది. మనిషిని పంపి చూస్తే సరిగ్గా నూటపద్దెనిమిదే. నేను సంబరంగా డైరెక్టరు గదికి పరుగెత్తాను. ఆయన గేదెల గురించి ఒక్క మాటా అడగలేదు.

"సైన్యం నడిచినా తెలుస్తుందా?" అన్నారు.

"తెలుస్తుందండీ," అన్నాను. నవ్వుతూ అన్నాను.

ఆ ఏడాది ఏటి నీళ్ల పంపకం మీద రెండు దేశాలకూ మాటామాటా పెరిగి, సైన్యాలు వచ్చి గట్ల మీద గుడారాలు వేసుకున్నాయి. అయినా యుద్ధం వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఈ ఒడ్డు సిపాయిలు చేపలు పట్టి ఆ ఒడ్డు సిపాయిల దగ్గర చుట్టలకు మార్చుకునేవాళ్లు. మా ఆయన విశ్వేశ్వరం చింతేటి ఆనకట్ట దగ్గర లాకుల సూపరింటెండెంటు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కబుర్లు చెప్పి నవ్వించేవాడు. పెళ్లైన కొత్తలో లాకు గొలుసు తెగి పడి ఆయన ఎడమ పాదం నలిగింది. అప్పటినుంచి ఆ కాలు కాస్త ఈడ్చి నడిచేవాడు.

చైత్రంలో మా అత్తయ్య మాణిక్యమ్మకు కంటి ఆపరేషను ఉండి నేను పది రోజులు సెలవు పెట్టాను. సెలవులో ఉండగానే యుద్ధం మొదలైంది. మెట్టదేశంలో చింతేటమ్మ తీర్థం జరిగే రోజు అది. జనం నీలిరేవు వంతెన మీదికి చేరుకుంటుండగా పల్లదేశం విమానాలు వచ్చి వంతెనను కూల్చాయి. పదకొండు వందల మంది పోయారు. తీర్థం పేరు చెప్పి సైన్యాన్ని నడిపిస్తున్నారు, మా గూఢచారులు చెప్పారు అంది పల్లదేశం. పండగ చేసుకుంటున్న పిల్లాజెల్లాను చంపారు అంది మెట్టదేశం. మర్నాటికి పల్లదేశంలో మూడు ఊళ్లు మంటల్లో ఉన్నాయి.

నేను తిరిగొచ్చేసరికి సర్వోత్తమరావు గారు కొత్త ఖద్దరు కోటు వేసుకుని ఉన్నారు. ఇక మన కేంద్రం పని ప్రాణాలు కాపాడటమేనన్నారు. సైన్యం కదిలితే నేలచెవి చెబుతుంది, ఆ ఊళ్లలో సైరన్ మోగిస్తాం, జనం పారిపోతారు. నిజంగానే సైరన్లు మోగేవి. నిజంగానే కొందరు బతికేవారు. రెండు దేశాలవాళ్లూ ఆయన ఫోటో గోడకు తగిలించుకున్నారు. ఆయన ఆ ఫోటోలకు ఏ కోటు బాగుంటుందో నన్ను అడిగేవారు. నేను చెప్పేదాన్ని కూడా. గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ రోత పుడుతుంది.

యుద్ధం మొదలైన ఎనిమిదో నెలలో మెట్టసేన ఫిరంగులు ఆనకట్టను కొట్టాయి. సైరన్ మోగలేదు. విశ్వం లాకుల మీదే ఉన్నాడు. ఆయన చెప్పులు కూడా దొరకలేదు.

పరామర్శకు సర్వోత్తమరావు గారు మా క్వార్టరుకు వచ్చారు. కుర్చీని జేబురుమాలుతో దులుపుకుని కూర్చున్నారు.

"నేల ఈసారి మనకు ఆలస్యంగా చెప్పింది హైమవతీ," అన్నారు.

నేను తల వంచుకుని ఏడ్చాను. ఆయన వెళ్లిపోయాక మా అత్తయ్య వీధి తలుపు గట్టిగా మూసింది.

"వాడి మొహంలో ఎక్కడన్నా దుఃఖం కనపడిందటే నీకు? నా కొడుకు పోయాడని వచ్చి కుర్చీకి దుమ్ముందని చూసుకున్నాడే."

"పెద్దాయన అత్తయ్యా. అలవాటు."

"ఏం పెద్దాయనే? గుమ్మంలో నన్ను చూసి, ఈవిడెవరు అని అడిగాడు. పన్నెండేళ్లుగా చూస్తన్నాడు నన్ను."

ఆ మరుసటి నెలలోనే అత్తయ్య కొండ దిగి లాకులపేట శరణార్థి శిబిరానికి వెళ్లిపోయింది. ఇళ్లు పోయిన రెండు దేశాలవాళ్లూ అక్కడ కలిసే ఉండేవారు. "ఇక్కడ కూచుంటే వాడే కనపడతన్నాడే. అక్కడయితే గంజి కాస్తా చెయ్యి ఖాళీ లేకుండా ఉంటాను," అంది.

నాకు మిగిలింది యంత్రమే. నేల ఆలస్యంగా చెప్పిందన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అది నా చెవి. ఆలస్యం నాదే అయి ఉండాలి. దాన్ని బాగుచేయడానికి పదమూడు నెలలు పట్టింది. కొత్త నేలచెవి అంకెలు మాత్రమే చెప్పేది కాదు. ఒక్కొక్కరి అడుగును విడదీసి చూపేది. బరువెంత, అంగ ఎంత, ఏ కాలు ముందు పడుతోంది, చేతికర్ర ఉందా లేదా, అన్నీ. బూట్లు వేసుకుని కవాతుగా నడిచే నడకను సంతకు పోయే నడకతో ఇక పొరబడే వీలు లేదు.

పరీక్షించడానికి పాత రికార్డులు కావాలి. డైరెక్టరు గారిని అడిగాను.

"హెచ్చరికల రికార్డులకు సీలు వేశాను. వాటి జోలికి పోకు," అన్నారు.

ఆయన సీలు వేసినవి పై గది బీరువాలో ఉన్న ప్రతులు. యంత్రం తనంతట తాను విన్నదంతా నేలమాళిగలో ఇంకోసారి రాసి పెట్టుకుంటుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ముప్పై మెట్లు దిగాలి కాబట్టి పధ్నాలుగేళ్లలో ఆయన ఒక్కసారి కూడా నేలమాళిగలోకి రాలేదు. ప్రపంచమంతా నేల భాష తెలిసిన మనిషి అని పొగుడుతుంటే, ఆ నేలలోకి దిగితే మోకాళ్లు నొప్పి అనేవారు.

నేను దిగాను. మొదటి రోజు రికార్డు యంత్రానికి ఇచ్చాను.

నలభై వేల మంది, అంది యంత్రం. వాళ్లలో కవాతు నడక ఒక్కటీ లేదు. తొమ్మిది వేల మంది పిల్లలు. చేతికర్రలు రెండువేల నాలుగు వందలు. తల మీద బరువుతో నడుస్తున్న ఆడవాళ్లు పదకొండు వేలు. అక్కడక్కడ గుంపులుగా అడుగులు ఆగి, ఒకే చోట పడిలేచి, మళ్లీ సాగాయి. అవి ఏమిటో అర్థం కావడానికి కాసేపు పట్టింది. డప్పులకు ఆడుతున్నారు.

డైరెక్టరు సంతకం చేసి పంపిన ప్రతి హెచ్చరిక నకలు కూడా ఆ నేలమాళిగలోనే ఉంది. ఆ రోజుది తీశాను. 'మెట్టసేన నలభై వేలు నీలిరేవు వైపు' అని ఉంది అందులో. అంటే గూఢచారులు ఎవరూ లేరు. పల్లదేశానికి చెప్పింది మా కేంద్రం. పాత యంత్రానికి తేడా తెలియక పొరపాటు జరిగింది అనుకున్నాను. అది నా యంత్రం చేసిన పొరపాటే.

తరువాత రెండో హెచ్చరిక చూశాను. ఏమీ లేదు. నేల ఖాళీ. నక్కలు, ఒక ఎడ్లబండి. మూడోది చూశాను. ఖాళీ. ఇరవై ఆరు హెచ్చరికలు వరసగా చూశాను. ప్రతిసారీ ముందు హెచ్చరిక వెళ్లింది. ఆ తరువాత ఒక సైన్యం కదిలింది, దాన్ని చూసి రెండోది కదిలింది. రెండేళ్ల యుద్ధంలో ఏ పక్షమూ తనకు తానుగా ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

తొమ్మిదో హెచ్చరిక ఆనకట్టది, పల్లసేన లాకులు దాటుతోందని మెట్టదేశానికి చెప్పింది. అందులో కూడా సైన్యం లేదు. ఒకే ఒక మనిషి ఉన్నాడు. లాకుల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తాపీగా నడుస్తున్నాడు. ఎడమ కాలు ఈడుస్తున్నాడు. నాలుగో తలుపు దగ్గర ఆగాడు. వంగి ఏదో చూసుకున్నాడు. మళ్లీ నడిచాడు. పదకొండు నిమిషాల తరువాత రికార్డంతా నలుపు.

ఆ పదకొండు నిమిషాలనూ నేను మళ్లీ మళ్లీ నడిపించుకున్నాను.

ఉదయం పదిన్నరకు డైరెక్టరు గదికి వెళ్లాను. ఆయన బొప్పాయి ముక్కలు తింటున్నారు.

"తీర్థం రోజు రికార్డు మీరు చూశారా?"

ఆయన ముక్క నమిలి మింగారు. "కూర్చో."

"చూశారా అండీ?"

"చూశాను. ఆ రోజే, కాసేపయ్యాక తేలింది. అడుగులు మరీ తేలికగా ఉన్నాయి."

"అప్పటికి విమానాలు బయలుదేరాయా?"

"లేదు. రెండు గంటల టైముంది."

ఆ మాట చాలా సులువుగా అన్నారు. "ఫోను మీ చేతి కిందే ఉంది కదండీ," అన్నాను.

"ఏమని చెప్పమంటావు? పొద్దున సైన్యం అన్నాను, ఇప్పుడు ముసలమ్మలూ చంటిపిల్లలూ అనమంటావా? జనరల్ పద్మరాజు ఏమనుకుంటాడు? కేంద్రం పరువేం కాను?" గొంతు కొంచెం తగ్గించారు. "నాకు మాత్రం బాధ లేదా? ఆ రోజు నేను సరిగా భోజనం కూడా చెయ్యలేదు హైమవతీ."

అదీ ఆయన పశ్చాత్తాపం. ఒక పూట భోజనం.

"మరి మెట్టదేశానికి ఎందుకు చెప్పారు?"

"వాళ్లే ఫోను చేశారు. మాకెందుకు ముందు చెప్పలేదని జనరల్ అప్పలనరసయ్య నిలదీశాడు. ఏం చెప్పాలి? పల్లసేన మళ్లీ రాబోతోందన్నాను. వాళ్లు ముందే వెళ్లి కొట్టారు. అప్పుడు పల్లసేన నిజంగానే వచ్చింది. చూశావా? నేను చెప్పింది జరిగింది." ఆయన ముఖం వెలిగింది. "ఆ తరువాత నేను చెప్పినదేదీ తప్పలేదు. ఒక్కటి తప్పిందని చూపించు. ఇవాళ నేను చెప్పేదాకా రెండు దేశాల్లో ఎవడూ కాలు కదపడు. ఇద్దరికీ సమానంగా చెబుతాను. ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ ఎప్పుడూ చెయ్యలేదు."

"తొమ్మిదోది ఆనకట్ట."

"విశ్వేశ్వరం అక్కడ ఉంటాడని నాకు తెలియదు."

"లాకుల సూపరింటెండెంటు లాకుల దగ్గర కాక ఎక్కడుంటాడండీ?"

"నేను మనుషుల పేర్లు చూడను. పటం చూస్తాను."

ఆయన మీద చేయి చేసుకోవాలనిపించలేదు. అంతకు తగినవాడిలా కూడా కనబడలేదు. "ఇదంతా నేను బయట చెబుతాను," అన్నాను.

"చెప్పు. నేలచెవి ఎవరు చేశారని అడుగుతారు. నీ పేరు చెప్పాలి. నన్ను నమ్ముతారా, నిన్నా?" చేతులు తుడుచుకుని పటం ముందుకు లాక్కున్నారు. "ఎల్లుండి లాకులపేట రేవులో కదలిక ఉంటుంది. రేపు పదింటికి చెప్పాలి. ఆ వైపు ఏడాదిగా ఏమీ చెప్పలేదు. ఇద్దరూ అడుగుతున్నారు."

"అక్కడ శిబిరం ఉందండీ. ఆరు వేల మంది ఉన్నారు. మా అత్తయ్య ఉంది."

"అయితే ఆవిణ్ని రేపే పైకి పిలిపించుకో," అన్నారు. మర్యాదగా అన్నారు. నాకు పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా అన్నారు.

నేను అత్తయ్యను పిలిపించలేదు. కొండ దిగి శిబిరానికి వెళ్లాను. ఆవిడ పెద్ద గంగాళంలో గంజి కలుపుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. విశ్వం పదకొండు నిమిషాలు నడిచిన సంగతి కూడా చెప్పాను. ఆవిడ గరిటె ఆపకుండా విన్నది.

"కాలు నొప్పెడుతున్నట్టు నడిచాడా?" అంది చివరికి.

"లేదత్తయ్యా. మామూలుగానే."

"సరే," అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి నువ్విక్కడ కూచున్నావేవిటే? ఆ రెండు ఫోన్లూ నీ గదిలోంచేగా పోయేది?"

నిజమే. టెలిఫోను తీగలు రెండూ పరికరాల గదిలోని బోర్డు మీదుగా బయటికి పోతాయి. పధ్నాలుగేళ్లుగా వాటిని బాగుచేసేది నేనే.

మర్నాడు తొమ్మిదీ నలభైకి బోర్డు ముందు కూర్చుని ఇద్దరు జనరళ్లకూ నేనే ఫోను కలిపాను. ఇద్దరికీ ఒకే మాట చెప్పాను. "డైరెక్టరు గారు మాట్లాడబోతున్నారు. ముఖ్యమైన సంగతి. ఆయన ముగించేదాకా మీరు నోరు విప్పకండి. ఫోను పెట్టెయ్యకండి." ఇద్దరూ సరేనన్నారు. రెండేళ్లుగా వాళ్లకు అలవాటైన పని అదే. ఆ తరువాత రెండు లైన్లకూ నడుమ జానెడు రాగితీగ కలిపాను. మాటలు రికార్డు చేసే పరికరం తిప్పాను.

పదింటికి సర్వోత్తమరావు గారు నల్ల ఫోను ఎత్తారు.

"పద్మరాజు గారూ, నేల చెబుతోంది. రేపు తెల్లవారేసరికి మెట్టసేన ఆరు వేలు లాకులపేట రేవు దాటుతుంది. మీరే ముందు కొట్టాలి. ఈ సంగతి మీకొక్కరికే చెబుతున్నాను."

పెట్టేసి తెల్ల ఫోను ఎత్తారు.

"అప్పలనరసయ్య గారూ, నేల చెబుతోంది. రేపు తెల్లవారేసరికి పల్లసేన ఆరు వేలు లాకులపేట రేవు దాటుతుంది. మీరే ముందు కొట్టాలి. ఈ సంగతి మీకొక్కరికే చెబుతున్నాను."

మాటలు కూడా మార్చలేదు. అంత శ్రమ కూడా అనవసరం అనుకున్నారు.

ఆయన పెట్టేశారు. తరువాత మెట్టదేశం గొంతు పలికింది.

"అలో... పద్మరాజు గారేనేటండి?"

"నేనే."

"ఇన్నారా?"

"విన్నాను."

"నా దగ్గిర ఆరు వేలు లేరండి. ఏడొందల మందున్నారు. సగం మందికి జొరాలు."

"మేమూ రేపు ఎటూ కదలడం లేదు," అన్నాడు పద్మరాజు. "నీలిరేవు రోజు మాకు నలభై వేల సైన్యం అని చెప్పాడు."

అప్పుడు నేను మాట్లాడాను. "సైన్యం కాదండీ. తీర్థానికి వెళ్తున్న జనం. తొమ్మిది వేల మంది పిల్లలున్నారు వాళ్లలో. రికార్డు నా దగ్గరుంది."

ఇద్దరిలో ఒక్కరైనా దేవుడా అంటారేమోనని ఎదురుచూశాను. పద్మరాజు గొంతు సవరించుకున్నాడు.

"ఈ సంగతి ఇంకా ఎవరికి తెలుసమ్మా?"

"ఔనమ్మా, అది సెప్పండి ముందు," అన్నాడు అప్పలనరసయ్య.

వాళ్ల గురించి కూడా అప్పుడే తెలిసిపోయింది నాకు. మనకు వాళ్ల రహస్యం చెప్పేవాడు వాళ్లకు మన రహస్యం చెప్పడా అని ఆ ఇద్దరూ రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఎదుటివాణ్ని మోసం చేస్తున్నాం అన్న సంతోషంలోనే సరిపోయింది వాళ్లకు.

డైరెక్టరు గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. అయినా అన్న మాట ఇది. "రెండు లైన్లూ కలపడం కేంద్రం నియమావళికి విరుద్ధం హైమవతీ. నీ మీద చర్య తీసుకోవలసి వస్తుంది."

మర్నాడు లాకులపేట మీద ఏమీ పడలేదు. మధ్యాహ్నానికి ఇద్దరు కల్నళ్లు కొండెక్కి వచ్చారు, చెరో దేశం నుంచి. ఒకే జీపులో వచ్చారు. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని నా ముందు ఒక కాగితం పెట్టారు. 'పరికరంలోని లోపం వల్ల రెండు దేశాల మధ్య దురదృష్టకరమైన అపార్థం ఏర్పడింది' అని ఉంది. రెండేళ్ల తరువాత ఆ రెండు దేశాలూ కలిసి రాసిన మొదటి వాక్యం అది. అదీ అబద్ధమే.

"ఇక్కడ సంతకం చెయ్యండి. డైరెక్టరు గారు అనారోగ్యం వల్ల తప్పుకుంటారు. ఎవరికీ తలవంపులు ఉండవు," అన్నాడు ఒకతను.

"యంత్రంలో లోపం లేదు. అది విన్నదే చెప్పింది," అన్నాను.

"మీ వారు కూడా పోయారని విన్నాం. ఆయన పేరు మీద ఆనకట్ట దగ్గర ఒక స్తంభం..."

నేను కాగితం వెనక్కి తోసి లేచాను. రికార్డు టేపు అప్పటికే నా చీర మడతలో ఉంది.

శిబిరంలో గంజికి పిలవడానికి వాడే లౌడ్‌స్పీకరు ఉంది. దానికి టేపు తగిలించి అందరికీ వినిపించాను. నల్ల ఫోను మాటలు, తెల్ల ఫోను మాటలు, జనరళ్ల మాటలు. ఆరు వేల మంది తట్టలూ గిన్నెలూ పట్టుకుని వరసల్లో నిలబడే విన్నారు. కేకలు వేస్తారనుకున్నాను. తిరగబడతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు.

"ఇంకోపాలి ఎయ్యమ్మా," అన్నాడు మెట్టదేశం ముసలాయన ఒకడు.

మళ్లీ వేశాను. మూడోసారి కూడా వేయించుకున్నారు. ముందు వరసలో నీలిరేవులో ఇద్దరు మనవల్ని పోగొట్టుకున్న ముసలామె ఉంది. ఆవిడ లౌడ్‌స్పీకరు వైపు నోరు తెరుచుకుని చూసింది.

"ఈడేనా?" అంది. "ఈడి మాటకా అందరూ సచ్చిపోనారు?"

మా అత్తయ్య గంగాళం దగ్గరనుంచి అరిచింది.

"ఇంక కట్టెయ్యవే వాడి గోల. గంజి మాడుతోంది."

టేపు చేతులు మారి వారం తిరక్కుండా రెండు దేశాల్లోనూ మోగింది. యుద్ధం ఆగింది. ఇద్దరు జనరళ్లూ పదవులు పోగొట్టుకున్నారు. సర్వోత్తమరావు గారిని విచారించడానికి ఉమ్మడి న్యాయస్థానం కూర్చుంది. ఆయన మూడు రోజులు మాట్లాడారు. తను చెప్పిన ఒక్క హెచ్చరికా తప్పలేదని మూడు రోజులూ అదే చెప్పారు. రెండో రోజుకు న్యాయమూర్తుల్లో ఒకరు కునుకు తీశారు. యావజ్జీవ శిక్ష పడింది.

అయితే ఏ జైల్లో ఉంచాలి? మావాడు కాదు అంది మెట్టదేశం. మాకసలు సంబంధమే లేదు అంది పల్లదేశం. యుద్ధం ముగిశాక రెండు దేశాలకూ వచ్చిన మొదటి తగాదా అదే. చివరికి ఏ దేశానికీ చెందని కొండ కిందనే, ఏటి ఒడ్డున ఉన్న పాత సుంకం గదిలో ఆయన్ను ఉంచి, చెరో దేశం నుంచి ఒక సిపాయిని కాపలా పెట్టారు.

ఆ గది వైపు నేను పోలేదు. కాని ఆషాఢంలో ఏరు పొంగి గట్టు కోసుకుపోయి, అక్కడికి దగ్గర్లోనే గాజుతీగ తెగింది. వెళ్లక తప్పలేదు. మధ్యాహ్నం వేళ. గది ముందు పాకలో కాపలావాళ్లిద్దరూ ఒకే ఆకులో అన్నం కలుపుకుని తింటున్నారు. మెట్టదేశం అతను గౌరునాయుడు. పల్లదేశం అతను సత్తిరాజు. నన్ను గుర్తుపట్టి లేవబోతే కూర్చోమన్నాను.

"ఎలా ఉన్నాడు?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

"పొద్దున్న నాతో ఏటన్నాడో తెలుసా అమ్మా?" అన్నాడు గౌరునాయుడు. "సత్తిరాజు నీ బియ్యం తీసీస్తన్నాడు, రేపో మాపో నీ తుపాకీ కూడా తీసీస్తాడు, నువ్వే ముందు జాగర్త పడు అన్నాడు."

"నాతోనూ అదే మాటండి," అన్నాడు సత్తిరాజు. "నాయుడు నా గురించి పైవాళ్లకి ఉత్తరం రాసేశాడంట. నీకొక్కడికే చెప్తన్నానన్నాడు."

"రోజూ చెబుతాడా?"

"రోజూనండి. అన్నం తినేటప్పుడు ఒకళ్లకొకళ్లం చెప్పుకుంటాం. మాక్కూడా పొద్దుపోవాలి కదండి."

ఇద్దరూ మళ్లీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇద్దరు మనుషులు ఒక ఆకులో తింటూ ఒకరికొకరు చెప్పుకుంటే తేలిపోయే సంగతి అది. అంత చిన్న దానికి విశ్వం పోయాడు.

నా గొంతు విని కిటికీ దగ్గరికి ఆయన వచ్చారు. గడ్డం పెరిగింది. ఖద్దరు కోటు బొత్తాలన్నీ పెట్టుకునే ఉన్నారు.

"హైమవతీ, ఒక్క నిమిషం ఇలా రా. గట్టిగా మాట్లాడకు. ఆ ఇద్దరూ నీ మీద ఏదో అనుకుంటున్నారు. నీకు ఒక్కదానికే చెబుతున్నాను."

తీగ తెగిన చోటు ఎటువైపని గౌరునాయుణ్ని అడిగాను. అతను చేయి కడుక్కుని, చూపిస్తాను పదండి అని లేచాడు. సత్తిరాజు కూడా పార తీసుకుని బయలుదేరాడు.

"ఇద్దరూ వచ్చేస్తే ఇక్కడ కాపలా ఎవరు?" అన్నాను.

"ఎక్కడికి పోతాడమ్మా," అన్నాడు నాయుడు, వెనక్కి తిరిగి చూడకుండానే. "ఈణ్ని ఎవులు రానిస్తారు?"

ముగ్గురం గట్టు దిగాం. కిటికీ దగ్గర నిలబడి ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు.